తప్పు కట్టడం

పోయిన ఏడాది ఆషాఢంలో మా వంటింట్లో 4,800 రూపాయలు పోయాయి. మినప్పప్పు డబ్బాలో, పప్పు కింద, ప్లాస్టిక్ కవర్లో చుట్టి పెట్టిన చీటీ డబ్బులు. ఇంట్లో మగవాళ్ల చెయ్యి పడని జాగా అదొక్కటే అనుకుంటాం కదా, మీరూ అలాంటి డబ్బాలోనే ఎక్కడో పెట్టి ఉంటారు. 5వ తారీఖు చీటీ కట్టాలి. 4వ తారీఖు రాత్రి చెయ్యి పెడితే పప్పు తప్ప ఏమీ తగల్లేదు.

మా వంటింట్లోకి వచ్చిపోయేవాళ్లు ఎవరు? నాకు వెంటనే తట్టింది బోళ్లు తోమే ఆమె. తొమ్మిదేళ్లుగా వస్తోంది. ఆమెను నేను ఒక్క మాట కూడా అనలేదు. కానీ ఆమె చూస్తుండగానే డబ్బాలన్నీ దించి బీరువాలో పెట్టి తాళం వేశాను. తోమి బోర్లించిన స్టీలు గ్లాసులు లెక్కపెట్టాను. మూడోరోజు నుంచి ఆమె రావడం మానేసింది. "చూశారా, దొరికిపోతానని మానేసింది" అని మా ఆయనతో అన్నాను కూడా. ఆడపడుచు దగ్గర అప్పు తెచ్చి చీటీ కట్టి, దాంతోపాటు ఆమె నాలుగు మాటలూ మింగాను.

పదకొండో రోజు పొద్దున్నే, మాకు నీళ్ల క్యాన్ తెచ్చే పిల్లగాణ్ని వాళ్లమ్మ రెక్క పట్టుకుని తీసుకొచ్చింది. వాడికి పదిహేనేళ్లు, పదో తరగతి. బడికి పోయేముందు మా వీధిలో క్యాన్లు వేస్తాడు. 20 లీటర్ల క్యాన్ భుజాన మోసుకొచ్చి వంటింట్లో స్టాండు మీద పెట్టి పోతాడు. నేను డబ్బా మూత తీసిన రోజు చూసినట్టున్నాడు. బడిసంచిలో కొత్త ఇయర్‌బడ్స్, మంచం కింద కొత్త బూట్లు కనబడితే తల్లి నిలదీసిందట. 2,300 రూపాయలు మిగిలాయి. ఆ నోట్లు మా అరుగు మీద పెట్టి ఆమె అన్నది: "పోలీసుల దగ్గరికి పోకు అక్కా. మిగిలిన పైసలకు వీడు మీ ఇంట్ల పని చేస్తడు. బాకీ తీరేదాక ఆదివారం ఆదివారం పంపిస్త."

నిజం చెప్తున్నాను, నాకది న్యాయంగానే తోచింది. పదిరోజులుగా అంట్లు తోమి నా నడుము పడిపోయి ఉంది. మేడ మీద ట్యాంకు కడగాలి, పాత సామాను సర్దాలి. సరే అనబోయాను.

"వద్దు" అంది మా అత్తమ్మ, మంచం మీంచి లేవకుండానే. "పిలగాన్ని బాకీకింద పనికి పెట్టుకునుడు ఈ ఇంట్ల వద్దు."

నాకు ఇరవై ఏళ్లుగా తెలియని సంగతి ఆ రోజు మధ్యాహ్నం ఆమె చెప్పింది. అత్తమ్మ పుట్టిల్లు పాలకుర్తి దిక్కు. వాళ్ల నాన్న పన్నెండేళ్ల పిల్లవాడిగా ఉన్నప్పుడు, అంటే 1930ల నాటి మాట, ఒక దొర చేనులో జొన్నకంకులు విరిచి ఒళ్లో పోసుకుని దొరికిపోయాడు. గడి ముందు నిలబెట్టారు. తప్పు వేశారు. ఎంత వేశారో అత్తమ్మకు తెలియదు, వాళ్ల తాత కట్టలేకపోయాడని మాత్రం తెలుసు. కట్టలేనందుకు ఆ పిల్లవాణ్ని దొర దగ్గర జీతానికి పెట్టారు. పశువులు కాశాడు, పేడ ఎత్తాడు, ఎప్పటికప్పుడు ఏదో ఒక ఖర్చు బాకీలో కలుస్తూ పోయింది. మీసాలు వచ్చేదాకా ఆ బాకీ తీరలేదు. గుప్పెడు జొన్నకంకులు!

డిగ్రీలో తెలుగు చదువుకున్నదాన్ని కాబట్టి నాకు మాటల మీద ధ్యాస. మన దగ్గర 'తప్పు' అంటే చేసిన నేరమూ తప్పే, దానికి కట్టే జరిమానా కూడా తప్పే. తప్పు చేశాడు, తప్పు వేశారు, తప్పు కట్టాడు. ఒకే మాట ఆ మనిషి వెంట మొదటి నుంచి చివరిదాకా నడుస్తుంది. ఇంత మంచి మాట ఉందా అని మురిసిపోయేదాన్ని. కట్టలేనివాడి ఇంట్లో ఆ మాట ఏమవుతుందో అత్తమ్మ చెప్పేదాకా ఆలోచించలేదు.

జనగామ అప్పట్లో నల్లగొండ జిల్లాలోని తాలూకా. బాకీకింద మనిషినే కట్టిపడేసే ఆ పద్ధతిని భగేలా అనేవాళ్లు. తండ్రి బాకీకి కొడుకు, కొడుకు బాకీకి మనవడు. దీన్ని అదుపు చేస్తామని నిజాం ప్రభుత్వం 1936లో భగేలా ఒప్పందాల మీద ఒక చట్టం తెచ్చింది, 1943లో దాన్ని సవరించింది. ఊళ్లల్లో దాన్ని లెక్కచేసినవాళ్లు తక్కువ. విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కౌలు పొలం మీద పంట ఎత్తుకుపోవడానికి వచ్చింది ఆ తర్వాతే. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య ప్రాణం పోయిందీ ఆ తర్వాతే. ఐలమ్మ పంట ఐలమ్మ ఇంటికి చేర్చడానికి సంఘం అంతా కదలాల్సి వచ్చింది. దొంగ అన్న మాట ఎవరు ఎవరిని అనగలరో కూడా ఈ నేల మీద ఒక చరిత్రే. దేశమంతటికీ వెట్టిచాకిరి రద్దు చట్టం వచ్చింది మాత్రం 1976లో, నేను పుట్టడానికి కొద్ది ఏళ్ల ముందు.

అందుకని మన పాత పంచాయితీలన్నీ చెడ్డవని నేననను. మా పుట్టిల్లు మానుకోట దగ్గర, ఇప్పుడు మహబూబాబాద్ జిల్లా. మా ఊరి పక్కనే లంబాడా తండా. నేను ఆరో తరగతిలో ఉండగా తండా పిల్లవాడొకడు అక్కడే ఇంకొకరి మేకపిల్లను తోలుకుపోయి సంతలో అమ్మాడు. నాయకు, కారోబారి, ఇంటికొక పెద్దమనిషి చెట్టుకింద కూచున్నారు. మేం పిల్లలం దూరంగా నిలబడి చూశాం. మేక పోయిన ముసలాయన ఆ పిల్లవాడి ముందు కూచుని చెప్పాడు, ఆ మేక తల్లి రెండు రోజులుగా అరుస్తోందని, మేత ముట్టడం లేదని. పిల్లవాడు ఏడ్చాడు. వాళ్ల నాన్న ఇంకో మేకపిల్లను ఇచ్చాడు, కొంత తప్పు కట్టాడు. ఆ సాయంత్రం అందరూ కలిసి తాగారు, తిన్నారు. తర్వాత హోలీకి ఆ పిల్లవాడు అందరితో పాటే ఎగిరాడు. వాణ్ని ఎవరూ మేకదొంగ అని పిలవగా నేను వినలేదు.

పోయినవాడు చెప్పుకున్నాడు, తీసినవాడు విన్నాడు, వస్తువు వచ్చింది, పేరు చెడలేదు. అంతవరకు చూస్తే ఏ దేశంలోనైనా ఇంతకన్నా మంచి కోర్టు ఉంటుందా అనిపిస్తుంది. కానీ ఆ చెట్టుకింద ఒక్క ఆడమనిషి లేదు. పిల్లవాడి తల్లి చాటున నిలబడింది. అదే పిల్లవాడు తండావాడి మేకను కాకుండా మా ఊళ్లో పెద్దింటివాళ్ల మేకను తోలుకుపోయి ఉంటే కథ చెట్టుకింద ఆగేది కాదని నాకు అప్పుడే తెలుసు. పంచాయితీ మంచిదా చెడ్డదా అన్నది ఇరుపక్షాలవాళ్లూ ఒక ఎత్తు మీద కూచున్నారా లేదా అన్నదాన్ని బట్టి ఉండేది.

ఆ తండావాళ్ల మీద 'దొంగజాతి' అన్న ముద్ర ఎక్కడి నుంచి వచ్చిందో నాకు చాలాకాలం తెలియదు. భంగ్యా భూక్యా గారు నిజాం పాలనలో లంబాడాల చరిత్ర మీద రాసిన పుస్తకం 2010లో వచ్చింది. ఎడ్ల మీద ఉప్పూ ధాన్యమూ దేశమంతా మోసిన వర్తకులు, రోడ్లూ రైళ్లూ వచ్చాక బతుకుతెరువు పోయి, పోలీసుల అనుమానపు పట్టీలోకి ఎలా ఎక్కారో అందులో ఉంది. ఇంగ్లీషువాళ్లు 1871లో నేరస్థ జాతుల చట్టం చేశారు. పుట్టుకతోనే దొంగ అని రాసిపెట్టే చట్టం. తర్వాత వచ్చిన దాని రూపాల్లో ఇంకో క్లాజు ఉంది. ఆరేళ్లు దాటి పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల్ని తల్లిదండ్రుల దగ్గర్నుంచి వేరుచేసి పరిశ్రమ బడుల్లోనో సంస్కరణ బడుల్లోనో పెట్టవచ్చు. ఆ పిల్లలు ఏదైనా దొంగిలించి ఉండాలన్న షరతు కూడా లేదు, ఆ తల్లి కడుపున పుట్టి ఉంటే చాలు. ఆరేళ్ల పిల్ల అంటే మనం ఇంకా అన్నం కలిపి ముద్దలు పెట్టే వయసు. ఈ చట్టం 1952 ఆగస్టు 31న పూర్తిగా రద్దయింది. ముద్ర రద్దు కావడానికి మనుషులు కష్టపడాల్సి వచ్చింది. గుర్రం జాషువా గారి కూతురు హేమలతా లవణం, ఆమె భర్త లవణం 1970లలో బాపట్ల దగ్గరి స్టువార్టుపురంలో ఎరుకల కుటుంబాల మధ్యకు వెళ్లి ఆ పనే చేశారు.

దొంగతనం చేసిన పిల్లల సంగతికొస్తే, ఇంగ్లీషువాళ్ల ఏలుబడిలో మొదటి చట్టం 1850 నాటిది. చిన్న నేరాలు చేసిన 10 నుంచి 18 ఏళ్ల పిల్లల్ని జైలుకు పంపకుండా ఒక పనివాడి దగ్గర పని నేర్చుకోవడానికి అప్పగించవచ్చు. వినడానికి బాగుంది. అత్తమ్మ నాన్న కథ విన్నాక మాత్రం, ఆ పనివాళ్ల ఇళ్లల్లో ఏం జరిగేదో అని నాకు అనుమానం. 1864లో కొరడా చట్టం వచ్చింది. దొంగతనానికి బెత్తం దెబ్బలు, పిల్లలకైతే సన్నటి బెత్తంతో, బడిలో కొట్టినట్టుగా. స్వతంత్రం వచ్చాక కూడా కొన్నేళ్లు ఉండి, 1955లో అది పోయింది. 1876లో, మళ్లీ 1897లో సంస్కరణ బడుల చట్టాలు. 1920లో మద్రాసు రాష్ట్రం పిల్లల కోసం వేరే చట్టం చేసింది, కోస్తా జిల్లాలన్నీ దాని కిందే. మన తెలంగాణకు అలాంటిది 1951లో గాని రాలేదు, హైదరాబాద్ పిల్లల చట్టం అని. అంటే మా అత్తమ్మ నాన్న కంకులు విరిచిన రోజున ఆయన్ని పిల్లవాడిగా చూడమని చెప్పే చట్టమే ఈ నేల మీద లేదు.

ఇప్పుడున్న చట్టం సంగతి మా బాబాయి కొడుకు చెప్పాడు, వాడు వరంగల్‌లో వకీలు. ఆ సాయంత్రమే ఫోన్ చేసి, పేరు చెప్పకుండా అడిగాను. 1986లో దేశమంతటికీ ఒకటే చట్టం వచ్చింది, అందులో మగపిల్లలకు 16, ఆడపిల్లలకు 18 ఏళ్ల హద్దు. 2000లో ఇద్దరికీ 18 చేశారు. ఇప్పుడు నడుస్తున్నది 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం. దాని ప్రకారం పిల్లల్ని లాకప్‌లో పెట్టకూడదు, జైలుకు పంపకూడదు. 24 గంటల్లో బోర్డు ముందుకు తీసుకుపోవాలి. బోర్డులో ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు, ఆ ఇద్దరిలో ఒకరైనా ఆడమనిషి ఉండాలి. (మా తండా చెట్టు గుర్తొచ్చింది.) ఘోరమైన నేరమైతేనో, పెద్దవాళ్లతో కలిసి చేస్తేనో తప్ప ఎఫ్‌ఐఆర్ కూడా రాయరు. డైరీలో నమోదు చేసి, ఇంటి పరిస్థితుల మీద నివేదిక పంపుతారు. బోర్డు మందలించి ఇంటికి పంపవచ్చు, కౌన్సెలింగ్‌కు పంపవచ్చు, సమాజసేవ చేయమనవచ్చు, తల్లిదండ్రుల చేత జుర్మానా కట్టించవచ్చు. ఎక్కువలో ఎక్కువ మూడేళ్లు ప్రత్యేక గృహం. పిల్లవాడి పేరు, బడి, ఊరు ఎక్కడా బయటపెట్టకూడదు. కొత్తగా మొదలుపెట్టే హక్కు వాడికి ఉంది కాబట్టి పాత కాగితాలు తీసివేయాలి.

నాకు ఆశ్చర్యమేసిన సంగతి ఇంకోటి ఉంది. రోడ్డు మీద తీస్తే చిన్న నేరం, ఇంట్లోకొచ్చి తీస్తే అంతకన్నా పెద్ద నేరం. ఇంట్లో దొంగతనానికి ఏడేళ్ల దాకా శిక్ష రాసి ఉంది కాబట్టి పిల్లల చట్టంలో కూడా అది చిన్న నేరాల గడిలో పడదట. 2024 జులై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో పెద్దవాళ్లకే ఒక వెసులుబాటు ఇచ్చారు. పోయిన సొత్తు ఐదువేల లోపైతే, మొదటి తప్పైతే, ఆ సొమ్ము తిరిగి ఇస్తే, శిక్షగా సమాజసేవ. అది మామూలు దొంగతనానికి రాసిన మాట. నావి 4,800. మా వంటింటి గడప లోపల కాకుండా బయట పోయి ఉంటే లెక్క వేరు!

ఆ సమాజసేవ ఏమిటని అడిగాను. పద్నాలుగేళ్లు దాటిన పిల్లలకు పార్కు బాగుచేయడం, ముసలివాళ్లకు సేవ చేయడం, ఆసుపత్రిలో సాయపడటం లాంటివట. డబ్బు పోయినావిడ ఇంట్లో ట్యాంకు కడగడం అందులో లేదు. "అది వెట్టి అవుతుంది అక్కా" అన్నాడు. అత్తమ్మకు ఏ సెక్షనూ తెలియదు, అయినా అదే మాట అంది కదా.

ఇంత బాగున్న చట్టంలో వెలితి ఏమిటో మా చెల్లె చెప్పింది. దాని కాపురం భూపాలపల్లిలో. మా మరిదిది సింగరేణిలో ఉద్యోగం. రెండేళ్ల కింద యాసంగిలో వాళ్లకు తెలిసిన రైతు ఒకాయన వాగు మోటారు తీగ కోసుకుపోయారు, లోపలి రాగి కోసం. ముగ్గురు పిల్లలు, పెద్దవాడికి పదహారు. పాతసామాను కొట్టులో అమ్మితే వాళ్లకు వచ్చింది వందల్లోనే. రైతుకు మళ్లీ తీగ కొని, మోటారు బాగుచేయించి నీళ్లు పెట్టేసరికి పొట్టకొచ్చిన వరి ఎకరం పైగా ఎండింది. పిల్లలు దొరికారు, చట్టం చెప్పినట్టే బోర్డు ముందుకు వెళ్లారు, ఇళ్లకు వచ్చారు. జైలుకు పోనందుకు మా చెల్లె సంతోషపడింది. ఆ రైతు కూడా పిల్లల్ని జైల్లో వేయమనలేదు. ఆయన మా మరిదితో అన్నది ఒకటే మాట: "వాళ్లు తీగ తీసిన్రనుకుంటున్నరు. పొలం ఎండింది వాళ్లకు ఎవరు చెప్తరు?"

ఎవరూ చెప్పలేదు. ఆయనను పిలిచి ఆ పిల్లల ఎదురుగా కూచోబెట్టినవాళ్లు లేరు. మేక పోయిన ముసలాయనకు చెట్టుకింద దొరికిన జాగా ఈయనకు దొరకలేదు. పిల్లల వైపు నుంచి చూస్తే చట్టం వాళ్లను దెబ్బల నుంచి, జైలు నుంచి, చెడ్డపేరు నుంచి కాపాడింది. దాంతోపాటు ఆ రైతు ముఖం చూడటం నుంచి కూడా కాపాడేసింది.

ఈ వెలితిని పూడ్చే పని ప్రపంచంలో ఒకచోట దాదాపు పొరపాటున మొదలైంది. 1974లో, కెనడాలో ఎల్మీరా అనే చిన్న ఊళ్లో ఇద్దరు కుర్రాళ్లు ఒక రాత్రి తాగి 22 చోట్ల ఆస్తులు పాడుచేశారు. కార్ల టైర్లు కోశారు, అద్దాలు పగలగొట్టారు. వాళ్ల కేసు చూస్తున్న మార్క్ యాంట్జీ అనే ప్రొబేషన్ అధికారి, ఈ ఇద్దరూ ఆ ఇళ్లకు వెళ్లి మనుషుల్ని కలిస్తే బాగుంటుందేమో అన్నాడు. జడ్జి మెక్‌కానెల్‌కు అది చట్టంలో ఎక్కడా కనబడలేదు, అయినా ఒప్పుకున్నాడు. ఇద్దరూ ఇంటింటికీ వెళ్లి తలుపు కొట్టి, మేమే చేశాం, మీకు ఎంత నష్టమైంది అని అడిగారు. కొన్ని నెలల్లో కట్టగలిగింది కట్టేశారు. ఆ ఇద్దరిలో ఒకాయన పెద్దయ్యాక ఇలాంటి కలయికలు జరిపించే పనిలోకే వచ్చాడు. 1989లో న్యూజీలాండ్ ఇంకో అడుగు వేసింది. అక్కడి మావోరీల కుటుంబ సభల పద్ధతిని పిల్లల చట్టంలోకే తెచ్చుకుంది. పిల్లవాడు, వాడి ఇంటివాళ్లు, నష్టపోయినవాళ్లు, అధికారి ఒకచోట కూచుని ఏం చేయాలో తేల్చుకుంటారు. చూడండి, మన నాయకు చెట్టుకింద కూచున్నట్టే. అయితే వాళ్లకు చెట్టుతో పాటు చట్టమూ ఉంది, ఎవరూ ఎవరినీ జీతానికి పెట్టుకోకుండా చూడటానికి. మన చట్టంలో మందలింపు, సమాజసేవ అన్న తలుపులు ఉన్నాయి కాబట్టి నష్టపోయినవాణ్ని కూడా పిలిచే బోర్డు మన జిల్లాల్లో ఎందుకు ఉండకూడదు? 2016లో మన పాత వరంగల్ జిల్లా ముక్కలై జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలయ్యాయి. 2022 జూన్ 2న వీటికి సొంత జిల్లా కోర్టులు కూడా వచ్చాయి. కోర్టు దగ్గరికొచ్చింది. అందులో ఆ భూపాలపల్లి రైతుకు ఒక కుర్చీ వేయడం అంత కష్టమా?

ఆ రాత్రి నిద్ర పట్టక మాండవ్యుడి కథ తలచుకున్నాను. ఆదిపర్వంలోది, బి.ఏ.లో మా మేడమ్ చెప్తుంటే దొంగల కథ అని సరదాగా విన్నాం. దొంగలు దోచిన సొమ్ము మాండవ్యుడి ఆశ్రమంలో దాచిపెట్టారు. మౌనంలో ఉన్న ముని రాజభటులకు జవాబు చెప్పలేదు. దొంగలతో పాటు ఆయన్నీ కొరత వేశారు. ఆయన చావలేదు. తర్వాత ధర్ముడి దగ్గరికి పోయి, నాకెందుకీ శిక్ష అని అడిగితే, చిన్నతనంలో పురుగుల్ని పుల్లతో గుచ్చావు అన్నాడు. చిన్న తప్పుకు ఇంత శిక్షా అని ముని కోపంతో ధర్ముణ్ణే భూమ్మీద పుట్టమని శపించాడు. ఆ పుట్టినవాడే విదురుడు. పద్నాలుగేళ్ల దాకా పిల్లలు చేసింది పాపం కింద రాకూడదని కూడా కట్టడి చేశాడు. ఇన్నాళ్లూ నాకు ఆ కథలో గుర్తున్నది పిల్లల వయసు సంగతి ఒక్కటే. ఆ రాత్రి మాత్రం మొదటి సగం గుర్తొచ్చింది. చెయ్యని దొంగతనానికి కొరత పడిన మనిషి, నోరు తెరిచి నేను కాదు అని చెప్పుకోని మనిషి.

మర్నాడు ఆదివారం. పిల్లగాడూ వాళ్లమ్మా, నేనూ అత్తమ్మా అరుగు మీద కూచున్నాం. మా ఆయన్ని కూడా ఉండమన్నాను గాని మాట్లాడొద్దన్నాను. వాడితో చెప్పాను: ఆ డబ్బు ఎక్కడిదో, ఎన్ని నెలల్లో కూడిందో, చీటీ కట్టడానికి ఎవరి దగ్గర చెయ్యి చాపానో. వాడు కింద చూస్తూ విన్నాడు. "ఎందుకు తీసినవ్?" అని అత్తమ్మ అడిగింది. "క్లాసుల అందరికి ఉన్నయ్" అన్నాడు. అంతే. ఇంకా పెద్ద కారణమేదో ఉంటుందని నేను ఎదురుచూశాను, లేదు. ఇయర్‌బడ్స్ దుకాణంవాడు వెనక్కి తీసుకోడు, బూట్లు అప్పటికే తొడిగేశాడు. మిగిలిన 2,500 నెలకు 250 చొప్పున పది నెలలు, క్యాన్ల మీద వాడికొచ్చే దాంట్లోంచి, వాడే తెచ్చి నా చేతికివ్వాలి, తల్లి కట్టకూడదు అని అనుకున్నాం. పరీక్షల నెలలో ఇవ్వకపోయినా అడగనన్నాను. మా ఇంట్లో పని అన్న మాట రాలేదు.

లేచిపోతూ వాడు ఒక మాట అన్నాడు. "ఆంటీ, మీరు ఆ బోళ్లు తోమే ఆంటీని అనుమానపడ్డరని మా గల్లీల అందరికి తెలుసు. అందుకే నాకు ఇంక భయమైంది."

అత్తమ్మ నావైపు చూసింది. "వాడు కట్టిండు. మరి నీ తప్పు ఎవరు కడ్తరు?" అంది.

బోళ్లు తోమే ఆమె ఇల్లు చెరువు కట్ట దిక్కు. తొమ్మిదేళ్లలో నేను ఒక్కసారీ పోలేదు. పోయేటప్పుడు చీర పెట్టాలా, పండ్లు తీసుకుపోవాలా అని గంటసేపు ఆలోచించి, చివరికి ఏమీ లేకుండా పోయాను. ఆమె గడప దగ్గర బియ్యం చెరుగుతోంది. డబ్బు ఎవరు తీశారో పేరు చెప్పలేదు, దొరికిందని, నేను నీ మీద అనుమానపడ్డానని, గ్లాసులు లెక్కపెట్టింది అందుకేనని చెప్పాను. "తెలుసమ్మా" అంది. ఆ పదిహేను రోజుల జీతం, ఆపేసినది, ముందు పెట్టాను. లెక్కపెట్టుకుని తీసుకుంది.

మళ్లీ రమ్మని అడిగాను. వేరే ఇల్లు ఒప్పుకున్నానంది. చాట పక్కన పెట్టి లోపలికి పోయి, చిన్న స్టీలు గ్లాసులో చాయ తెచ్చింది. తాగేదాకా ఏమీ మాట్లాడలేదు. గ్లాసు కడగబోతే చేతిలోంచి తీసుకుంది.

పిల్లగాడు పదో తరగతి పాసయ్యాడు. ఏడు నెలలు కట్టాడు, ఇంకా మూడున్నాయి. ఇది రాసేముందు వాణ్నీ వాళ్లమ్మనీ, ఆమెనూ అడిగే రాశాను, కొన్ని గుర్తులు మార్చమంటే మార్చాను. "మా గల్లీ పేరు రాయకు" అంది ఆమె. రాయలేదు.